కొత్త అక్వేరియంలో చేపలు ఎప్పుడు వదలాలి?

ప్రశ్న: మాది హన్మకొండ. 24 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 15 ఎత్తు ఉన్న అక్వేరియం కొన్నాం. "ఒకరోజు ఫిల్టర్ నడిపించి చేపలు వేసుకోండి" అన్నారు షాపాయన. అట్లనే ఆరు గోల్డ్‌ఫిష్ వేశాం. నాలుగు రోజులు బాగానే తిరిగాయి. అయిదో రోజు నుంచి పైకొచ్చి నోళ్ళు తెరవసాగాయి. నీళ్ళన్నీ పారబోసి, ఫిల్టర్ నల్లా కింద కడిగి, ఉప్పు, నీలం మందు వేశాం. పది రోజులకు ఒక్కటీ మిగల్లేదు. ఇప్పుడు వారం నుంచి ఖాళీ ట్యాంకులోనే ఫిల్టర్ నడుపుతున్నాం. నీళ్ళు తేటగా ఉన్నాయి. వినాయక చవితికి చేపలు తేవచ్చా? బోరు నీళ్ళు మంచివా, నల్లా నీళ్ళా, ఆర్‌ఓ నీళ్ళా?

జవాబు: చవితికి వద్దు. చవితినాడు అసలు పని మొదలుపెట్టండి, దసరాకు చేపలు తెచ్చుకోండి. మధ్యలో అయిదు వారాలుంటాయి. సరిగ్గా చేస్తే చాలావరకు ఆ గడువు సరిపోతుంది. మీరు ఖాళీగా నడిపిన ఈ వారం మాత్రం లెక్కలోకి రాదు.

ఎందుకంటే, చేప తిన్న మేతలోని నత్రజని ఎక్కువ భాగం మొప్పల గుండా అమోనియాగా నీళ్ళలోకి వస్తుంది. మిగిలిన మేత, పెంట కుళ్ళి ఇంకొంత చేరుతుంది. నైట్రోసోమోనాస్ వంటి బ్యాక్టీరియా ఆ అమోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. నైట్రోస్పైరా అనే మరో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ చేపకు విషం. మూడోది 40 పీపీఎం (అంటే లీటరుకు 40 మిల్లీగ్రాములు) దాకా ఉన్నా మామూలు చేపలు ఓర్చుకుంటాయి, వారం వారం కొంత నీరు మారిస్తే అది అదుపులో ఉంటుంది. ఈ బ్యాక్టీరియా నీళ్ళలో తేలుతూ బతికేవి కావు. స్పాంజికి, రాళ్ళకు, అద్దానికి అంటుకుని పెరుగుతాయి. అన్నీ కుదిరినా రెట్టింపు కావడానికి వాటికి సుమారు ఒక రోజు పడుతుంది. వాటికి తిండి అమోనియానే. చేపా లేక, అమోనియా కూడా వేయకపోతే ఖాళీ ట్యాంకులో అవి తినడానికి ఏమీ లేదు. మీ ఫిల్టర్ వారమంతా ఉత్త నీళ్ళు తిప్పింది, అంతే. తేటదనం చూసి మోసపోవద్దు. అమోనియాకూ నైట్రైట్‌కూ రంగు లేదు, చేపను చంపే మోతాదులో వాసన కూడా తెలియదు.

మీ గోల్డ్‌ఫిష్ ఎందుకు పోయాయో కూడా ఇందులోనే ఉంది. మీ ట్యాంకులో రాళ్ళు పోను పట్టేది దాదాపు 60 లీటర్లు. ఆరు గోల్డ్‌ఫిష్ విడిచే అమోనియాను అందుకునే బ్యాక్టీరియా అందులో ఒక్క గుంపు కూడా లేదు. నాలుగు రోజుల్లో అది మొప్పలను కాల్చే స్థాయికి చేరింది. అప్పుడప్పుడే స్పాంజిపై మొలకెత్తుతున్న కొద్దిపాటి బ్యాక్టీరియా కూడా నల్లా నీటి క్లోరిన్‌తో పోయింది. నీలం మందు, అంటే మిథిలీన్ బ్లూ, మిగిలినవాటిని దెబ్బతీసింది. ఆ మందు ఫంగస్ సోకిన చేపకు వేరే తొట్టిలో వాడేది, ఫిల్టర్ నడిచే ట్యాంకులో పోసేది కాదు. ఇందులో మీ నిర్లక్ష్యమేమీ లేదు. చెప్పినట్టే చేశారు, చెప్పిందే సగం.

ముందు ఆ మందు కలిసిన నీరంతా తీసేయండి. స్పాంజి, రాళ్ళు సబ్బు తగలకుండా నాలుగైదుసార్లు కడిగి కొత్తగా మొదలుపెట్టండి. అడుగున అంగుళం పైన ఎత్తుకు 8 కిలోల రాళ్ళు చాలు. 60 లీటర్లకు ఎయిర్ పంప్‌తో నడిచే పెద్ద స్పాంజ్ ఫిల్టర్ బాగా పనిచేస్తుంది. ఎయిర్ పంప్‌ను నీటి మట్టం కన్నా పైన పెట్టండి, లేదా పైపులో చెక్ వాల్వ్ వేయండి. కరెంటు పోయినప్పుడు నీళ్ళు పైపు గుండా వెనక్కి వచ్చి కిందున్న పంపులోకి, నేల మీదికి దిగుతాయి. మన దగ్గర కరెంటు పోని నెల లేదు గనక ఈ చిన్న వాల్వ్ మానొద్దు.

తప్పనిసరిగా కొనాల్సింది చుక్కల మందుతో నీరు పరీక్షించే కిట్: అమోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్ (నీరు ఆమ్లమో క్షారమో చెప్పే అంకె). కాగితపు పట్టీలు వద్దు. వాటిలో చాలావాటికి అమోనియా గడే ఉండదు. నైట్రేట్ పరీక్షలో రెండో సీసాను అర నిమిషం గట్టిగా ఊపకపోతే తక్కువ చూపిస్తుంది. డబ్బు ఆదా చేయాలనుకుంటే రంగురాళ్ళ దగ్గర, బొమ్మల దగ్గర చేయండి, కిట్ దగ్గర కాదు.

ఇక నీళ్ళ సంగతి. బోరు నీళ్ళు మంచివే. వాటిలో కాఠిన్యం, క్షారత ఎక్కువగా ఉంటాయి, క్లోరిన్ ఉండదు. క్షారత అంటే పీహెచ్ పడిపోకుండా ఆపే గుణం, అది బ్యాక్టీరియాకు అవసరం. 1 పీపీఎం అమోనియా నైట్రేట్‌గా మారేసరికి లీటరుకు దాదాపు 6 మిల్లీగ్రాముల క్షారత ఖర్చవుతుంది. మొత్తం సైక్లింగ్‌లో, అంటే ఈ బ్యాక్టీరియాను పెంచే పనంతటిలో, మీరు అమోనియా 16 పీపీఎం దాకా వేస్తారనుకుంటే 90 పైచిలుకు పోతుంది. బోరు నీటికి అది లెక్కే కాదు. ఆర్‌ఓ నీటికైతే ఉన్నదంతా పోయి, పీహెచ్ 6 దగ్గరికి పడి, పని ఆగిపోతుంది. ఒట్టి ఆర్‌ఓ నీళ్ళతో మొదలుపెట్టి "నెలన్నరైనా నైట్రైట్ తగ్గట్లేదు" అనేవాళ్ళ ఇబ్బంది చాలావరకు ఇదే. ఇప్పటికే ఆర్‌ఓ నీరు పోసినవాళ్ళు 60 లీటర్లకు ఒక టీ చెంచా, అంటే 5 గ్రాముల తినే సోడా కరిగించి పోయండి. క్షారత సుమారు 50 పీపీఎం పెరుగుతుంది. మీకైతే అవసరం లేదు.

బోరు నీళ్ళతో ఒక్క జాగ్రత్త ఉంది. పొలాల మధ్య ఊళ్ళలోనైతే బోరులోనే నైట్రేట్ ఉండొచ్చు. ట్యాంకులో పోయకముందే ఒకసారి పరీక్షించి రాసిపెట్టుకోండి. మొదటిరోజే 40 చూపిస్తే, తర్వాత నైట్రేట్ కనబడిందని సంతోషపడేందుకు లేదు. నల్లా నీళ్ళయితే, ధర్మసాగర్ చెరువు నుంచి శుద్ధి చేసి వచ్చేవైనా మరెక్కడివైనా, క్లోరిన్ కలిపే ఇస్తారు. తొట్టిలో పోసి మూత తీసి, ఎయిర్ పంప్ వేసి 24 గంటలు ఉంచితే క్లోరిన్ పోతుంది. తొందరైతే షాపుల్లో దొరికే యాంటీ క్లోరిన్ సీసా మీద రాసిన మోతాదులో వేయండి. మూత వేసిన సంపులో క్లోరిన్ త్వరగా పోదు. సంపు నీళ్ళు గదా అని నేరుగా పోయకండి.

ఇప్పుడు అసలు ముడిసరుకు, అమోనియా. అమ్మోనియం క్లోరైడ్ అడగండి. కాలేజీలకు ల్యాబ్ సామాను అమ్మే దుకాణాల్లో సీసాల్లో దొరుకుతుంది. కళాయి పెట్టేవాళ్ళు వాడేదీ ఇదే గానీ, ఆ ముడి సరుకులో ఏమేం కలిసిందో తెలియదు గనక అది వద్దు. బంగారం పని చేసేవాళ్ళ త్రాసు మీద 19 గ్రాములు తూచి, అర లీటరు నీళ్ళలో కరిగించి, సీసాకు పేరు రాసి, పిల్లలకు అందని చోట పెట్టండి. ఈ ద్రావణం 10 మి.లీ. పోస్తే మీ 60 లీటర్ల ట్యాంకులో అమోనియా సరిగ్గా 2 పీపీఎం అవుతుంది. 5 మి.లీ. పోస్తే 1 పీపీఎం.

మన వైపు ఇంటింటా ఉండే యూరియా గుర్తుకొస్తుంది. దాన్ని తాకకండి. 2015 నుంచి దేశంలో అమ్మే యూరియాకు వేపనూనె పూత తప్పనిసరి. ఆ పూత పెట్టిందే మట్టిలో అమోనియా నైట్రేట్‌గా మారే వేగాన్ని తగ్గించడానికి. అంటే, మనం పెంచాలనుకునే రకం బ్యాక్టీరియాను అణచడానికి. పొలానికి మేలు చేసేది ట్యాంకుకు చెరుపు.

అమ్మోనియం క్లోరైడ్ దొరక్కపోతే చేపల మేతతోనూ చేయొచ్చు. 40 శాతం ప్రోటీన్ ఉన్న మేత ఒక గ్రాము పూర్తిగా కుళ్ళితే మీ ట్యాంకులో దాదాపు 1.3 పీపీఎం అమోనియా వస్తుంది. రోజుకు అర గ్రాము వేస్తూ పోవాలి. నడుస్తుంది గానీ బూజు పడుతుంది, వాసన వస్తుంది, ఎంత అమోనియా వచ్చిందో చేతిలో ఉండదు. రొయ్య ముక్క వేసి కుళ్ళబెట్టే పద్ధతి ఇంకా మురికి.

మొదటిరోజు 10 మి.లీ. పోసి, అరగంటాగి పరీక్షించండి. 2 దగ్గర కనబడాలి. 5 దాటితే సగం నీరు మార్చండి. ఎక్కువ అమోనియా ఆ బ్యాక్టీరియానే కుంగదీస్తుంది. లైటు వేయొద్దు, నాచు పెరగడం తప్ప దానితో లాభం లేదు. ఫిల్టర్ రాత్రింబవళ్ళు నడవాలి. రెండు రోజులకోసారి అమోనియా, నైట్రైట్ చూసి నోట్‌బుక్కులో తేదీతో రాయండి. వారం, పది రోజులు ఏమీ కదలనట్టే ఉంటుంది. అప్పుడే చాలామంది ఓపిక పోయి నీళ్ళన్నీ మార్చేస్తారు, లేదా ఇంకా అమోనియా పోస్తారు. రెండూ వద్దు. అమోనియా 0.5 కన్నా తగ్గాకే మళ్ళీ 10 మి.లీ. పోయండి.

ఈ దశలో నీళ్ళు పాలు కలిపినట్టు తెల్లబడవచ్చు. అవి వేరే రకం బ్యాక్టీరియా, కుళ్ళే పదార్థాన్ని తినేవి. నీరు మార్చకుండా ఉంటే కొద్దిరోజుల్లో వాటంతటవే తగ్గుతాయి. అద్దం మీద గోధుమరంగు పొర వచ్చినా భయం లేదు.

అమోనియా తగ్గడం మొదలైందంటే నైట్రైట్ పైకి లేస్తుంది. సైక్లింగ్‌లో విసుగు పుట్టించేది ఈ రెండో అంకమే. లెక్క చూడండి: 1 పీపీఎం అమోనియా 2.7 పీపీఎం నైట్రైట్ అవుతుంది. మీరు పోసిన ఒక్కో 10 మి.లీ. 5 పైన నైట్రైట్ తెస్తుంది. చాలా కిట్లలో 5 తర్వాత రంగే లేదు, అన్నీ ఒకే ఊదాగా కనిపిస్తాయి. అప్పుడు ఒక వంతు ట్యాంకు నీటికి నాలుగు వంతుల ఆర్‌ఓ నీరు కలిపి పరీక్షించి, వచ్చిన అంకెను అయిదుతో గుణించండి. నైట్రైట్ 5 దాటిన నాటి నుంచి అమోనియా మోతాదు తగ్గించండి, మూడు రోజులకోసారి 5 మి.లీ. చాలు. మొత్తానికే మానేస్తే మొదటి రకం బ్యాక్టీరియా ఆకలికి చిక్కిపోతుంది. 20 దాటితే సగం నీరు మార్చండి. బ్యాక్టీరియా ఉన్నది స్పాంజిలో గనక నీరు మారిస్తే పోయేదేమీ లేదు. నైట్రైట్ రెండు మూడు వారాలు మొండికేసి, ఒక్కసారిగా రెండు రోజుల్లో సున్నాకు పడిపోవడం మామూలే. పడకపోతే ముందు పీహెచ్ చూడండి. 6.5 కన్నా తక్కువుంటే కారణం అదే, తినే సోడా వేయండి.

చవితి, దసరాల మధ్య మన దగ్గర నీటి వేడి ఈ పనికి బాగా కుదురుతుంది. బ్యాక్టీరియాకు 25 నుంచి 30 డిగ్రీలు హాయి. డిసెంబరులో మొదలుపెట్టేవాళ్ళు హీటర్‌తో 27 దగ్గర ఉంచాలి, లేదంటే ఆలస్యమవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో నీరు 33, 34 డిగ్రీలు దాటుతుంది. వేడి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ, బ్యాక్టీరియాకూ చేపకూ ఇద్దరికీ అదే కావాలి. మూత తీసి నీటి మీదికి ఫ్యాన్ గాలి తగిలేలా పెడితే రెండు, మూడు డిగ్రీలు దిగుతుంది. కరెంటు రెండు గంటలు పోతే స్పాంజ్ ఫిల్టర్‌కు పెద్దగా నష్టం లేదు, అది ట్యాంకు నీటిలోనే ఉంటుంది కదా. అంతకు మించి పోతుందనుకుంటే బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్ ఉంచుకోండి. డబ్బాలా మూసి ఉండే బయటి ఫిల్టర్లు వాడేవాళ్ళు మాత్రం, చాలాసేపు ఆగిపోయి ఉంటే లోపలి కుళ్ళు నీరు బకెట్లోకి వంపేసి, ఆ తర్వాతే నడపాలి.

అయిదు వారాలు రెండు వారాలు కావాలంటే నమ్మకమైన దారి ఒకటుంది. ఏడాది, ఆర్నెల్లుగా చేపలు ఆరోగ్యంగా ఉన్న స్నేహితుల ట్యాంకు నుంచి నడుస్తున్న స్పాంజి ముక్క అడిగి తెచ్చుకోండి. ఆ ట్యాంకు నీళ్ళలోనే ముంచి, ఆరకుండా, ఎండ తగలకుండా గంటలోపు తెచ్చి మీ ఫిల్టర్‌కు ఆనించి పెట్టండి. అప్పుడూ అమోనియా పోయాలి, పరీక్షలు చేయాలి, గడువే తగ్గుతుంది. పాత ట్యాంకు నీళ్ళు సీసాతో తెస్తే ఉపయోగం లేదు, వాటిలో బ్యాక్టీరియా నామమాత్రమే. అమ్మే షాపు ట్యాంకు స్పాంజి వద్దు. వారానికోసారి కొత్త చేపలు దిగే చోటు అది, తెల్లమచ్చల జబ్బు కూడా దానితోపాటే వస్తుంది.

షాపులో అమ్మే బ్యాక్టీరియా సీసాల మీద మాకు అంత నమ్మకం లేదు. మనకు కావాల్సిన బ్యాక్టీరియా విత్తనంలా నిద్రపోయే దశ లేనిది, ఎక్కువ వేడి పడదు. మే ఎండలో లారీలో ప్రయాణం చేసి, రేకుల గోదాములో ఉన్న సీసాలో ఎన్ని బతికాయో చెప్పలేం. పొడి ప్యాకెట్లలో ఉండేది ఎక్కువగా బాసిల్లస్ రకం. అది మురికిని కుళ్ళబెట్టగలదు, అమోనియాను నైట్రేట్ చేసే పని దానిది కాదు. వేసినా తప్పు లేదు, కానీ అది వేశాం కదా అని చేపలు వదలకండి.

సిద్ధమైందో లేదో చెప్పేది ఒకే పరీక్ష. సాయంత్రం 10 మి.లీ. పోయండి. మర్నాడు అదే వేళకు అమోనియా సున్నా, నైట్రైట్ సున్నా, రెండూ ఉండాలి. వరుసగా రెండు రోజులు ఇదే రావాలి. అమోనియా సున్నా అయి నైట్రైట్ 0.5 ఉన్నా కాలేదనే అర్థం. దసరా నాటికి రాకపోతే దీపావళి దాకా ఆగండి.

పాసైన రోజు ముప్పావు వంతు నీరు మార్చండి, పేరుకున్న నైట్రేట్ 20 కి దిగాలి. కొత్త నీరు అదే వేడిలో, క్లోరిన్ లేకుండా ఉండాలి. మర్నాడే చేపలు తెండి. తేవడం వారం ఆలస్యమైతే రోజూ 5 మి.లీ. పోస్తూ ఉండండి, లేకపోతే పెంచిన బ్యాక్టీరియా తగ్గిపోతుంది.

ఈసారి గోల్డ్‌ఫిష్ వద్దు. అవి జానెడు పెరుగుతాయి, 60 లీటర్లు వాటికి ఇరుకు. మీ కఠినమైన బోరు నీటికి గప్పీలు, ప్లాటీలు సరిగ్గా సరిపోతాయి. మొదట ఎనిమిది తెచ్చుకోండి. అన్నీ మగవైతే మేలు, ఆడవి కలిస్తే రెండు నెలల్లో లెక్కపెట్టలేరు. కవరును 20 నిమిషాలు ట్యాంకులో తేలనిచ్చి, కొంచెం కొంచెం మీ నీరు కలుపుతూ ఇంకో 20 నిమిషాలు ఆగి, చేపలను వలతో తీసి వదలండి. షాపు నీళ్ళు ట్యాంకులో పోయొద్దు. మొదటి వారం రోజుకొక్కసారే, రెండు నిమిషాల్లో తినేసేంత మేత చాలు. ఆ వారమంతా రోజూ పరీక్షించండి.

ఇదే ఇబ్బందిలో ఉన్న మరికొందరి ఇళ్ళలో ఇప్పటికే చేపలు ట్యాంకులో ఉన్నాయి. వాళ్ళు పైన చెప్పినట్టు అమోనియా పోయకూడదు. రోజూ పరీక్షించి, అమోనియా 0.25 దాటినా, నైట్రైట్ 0.5 దాటినా మూడోవంతు నుంచి సగం దాకా నీరు మార్చాలి. మన బోరు నీళ్ళలాంటి క్షార నీటిలో అమోనియా మరింత ప్రమాదం. 28 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే మొత్తంలో ఒక శాతం కూడా విషరూపంలో ఉండదు, పీహెచ్ 8 అయితే 6 శాతం పైన ఉంటుంది. మేత రోజు మార్చి రోజు వేయండి. నైట్రైట్ రక్తంలోకి చేరి ఆక్సిజన్ మోయనివ్వదు. లీటరుకు ఒక గ్రాము దొడ్డుప్పు కరిగించి పోస్తే అందులోని క్లోరైడ్ మొప్పల దగ్గరే నైట్రైట్‌ను చాలావరకు అడ్డుకుంటుంది. నీరు మార్చినప్పుడు, మార్చిన లీటర్లకే మళ్ళీ ఉప్పు వేయాలి. నాజూకు మొక్కలుంటే ఉప్పు సగం చేయండి.

చేపలు కుదురుకున్నాక వారానికి పావు వంతు నీరు మార్చండి. స్పాంజికి నీరు పట్టడం తగ్గి బుడగలు నీరసపడితేనే కడగాలి. అదీ నల్లా కింద కాదు, మార్చడానికి తీసిన ట్యాంకు నీళ్ళ బకెట్లో రెండుసార్లు పిండి పెట్టేయాలి. గోధుమరంగు మరక పూర్తిగా పోనక్కర్లేదు. స్పాంజి మార్చాల్సిన రోజు వస్తే, కొత్తదాన్ని పాతదాని పక్కన నెలరోజులు నడిపించాకే పాతది తీయండి. రాళ్ళు కడగడం ఆ నెలలో పెట్టుకోవద్దు.